టేకు మరియమ్మ వంతు

తార్నాక,
24 ఆగస్టు 2025.

చెల్లె పోశవ్వకు అన్న బిక్షపతి రాసేది.

మఠంలో నిన్ను అందరూ సిస్టర్ నిర్మల అంటారు. కవరు మీద ఆ పేరే రాశాను. లోపల మాత్రం నువ్వు పోశవ్వవే. నేను బాగున్నాను. మోకాళ్ళు తప్ప. ఫోను చేయకు. నాకు ఫోనులో సగం వినపడదు. మొన్న నువ్వు బీపీ ఎంత అని అడిగితే నేను బియ్యం ధర చెప్పానట. మనవరాలు కృపారాణి ఇంకా నవ్వుతూనే ఉన్నది. అది రోజూ యూనివర్సిటీకి పోయి చరిత్ర చదువుతుంది, ఇంటికి వచ్చి నన్ను చూసి నవ్వుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నా అక్షరాలు పెద్దవి, వంకరవి. చిన్నప్పుడు ఉపదేశి జపాలు నేర్పుతూ నేర్పినవి అంతే. ముప్పై ఏళ్ళు హాస్టల్ మెస్సులో వంట చేశాను, అక్కడ కొత్త అక్షరాలేమీ నేర్చుకోలేదు.

విషయం చెబుతాను. ఈ పొద్దు గుడిలో ఆదివారం పూజ అయినాక మన విచారణ గురువు ఫాదర్ ఇమ్మానుయేల్ మైకు పట్టుకుని, క్యాంపసు వాళ్ళూ రైల్వే క్వార్టర్ల వాళ్ళూ రెండు సంఘాలు కలిసి ఒకే గుడి, ఒకే విచారణ అయ్యి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయనీ, అక్టోబరు చివరి ఆదివారం పెద్ద పండుగ చేస్తామనీ చెప్పాడు. అంతవరకు బాగున్నది. తరువాత, "కొయ్య మరియమ్మ స్వరూపం ఎవరింట్ల ఉన్నదో వాళ్ళు దయచేసి గుడికి తెచ్చియ్యాలె" అన్నాడు. ఎవరింట్లో ఉన్నదో ఆయనకు తెలియదా? గుడిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. రైల్వే క్వార్టర్ల వాళ్ళ దిక్కు నుంచి ఒక ఆడమనిషి, "దాసుకున్నోళ్ళు తెచ్చిస్తరా ఫాదర్" అన్నది. అది నాకు వినపడింది. వినపడకూడనివన్నీ నాకు వినపడతాయి.

మీ వదిన రాములవ్వ పోయి నువ్వు మట్టికి వచ్చినప్పుడు ఆ మరియమ్మను మా ఇంట్లో చూశావు. మా వంతు నడుస్తున్నదనుకున్నావు. నేనూ ఏమీ చెప్పలేదు. వంతు కాదు. ఇరవై ఏళ్ళుగా అమ్మ మా ఇంట్లోనే ఉన్నది. నేను దాచుకోలేదు. అక్టోబరు జపమాల నెలలో అమ్మ ఇల్లిల్లూ తిరుగుతుంది కదా, ఒక్కో ఇంట్లో ఒక్కో రాత్రి. రెండు సంఘాలను కలిపిన సంవత్సరం, మన క్యాంపసు ఇళ్ళన్నీ తిరిగి మా ఇంటికి వచ్చింది. మా తరువాత క్వార్టర్ల వాళ్ళ వంతు మొదలు. మొదటి ఇల్లు ఆరోగ్యసామిది. లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసిన అరవాయన, మీసాలాయన. రాములవ్వ పాయసం వండి, వాకిట్లో ముగ్గు వేసి, తలుపు బార్లా తెరిచి కూర్చుంది. ఆరోగ్యసామి రాలేదు. మర్నాడూ రాలేదు. నెల అయిపోయింది, రాలేదు. మెస్సు వంటవాళ్ళ అమ్మ వాళ్ళకు ఆనలేదు. అప్పటి నుంచి నేను ఆయనతో మాట్లాడను, ఆయన నాతో మాట్లాడడు.

ఇప్పుడు నేను దొంగనట. వాళ్ళు వచ్చి పిలిస్తే పంపుతాను. పిలవకపోతే అమ్మ ఇక్కడే ఉంటుంది. ఇదీ సంగతి. నువ్వేమంటావో రాయి. అట్లని నువ్వన్నట్టే చేస్తానని అనుకోకు.

నీ అన్న
బిక్షపతి


మలైక్కాడు కొండ,
5 సెప్టెంబరు 2025.

అన్నకు,

చెల్లెలి ప్రేమ దండాలు. నీ ఉత్తరం అందింది. తడిసి వచ్చింది. ఇక్కడ పొద్దున లేస్తే మబ్బు కిటికీలోకి వస్తుంది, మా ఆశ్రమంలో ముసలమ్మలు దాన్ని చీపురుతో తరుముతారు. జనవరిలో వచ్చాను కదా, అరవం ఇప్పుడు సగం వచ్చింది. వంటామె నన్ను వెక్కిరించడానికి మిగతా సగం వాడుతుంది.

అన్నా, చదువుతుంటే నాకు మన హాస్టల్ వెనక షెడ్డు కళ్ళ ముందుకు వచ్చింది. అప్పటి ఫాదర్ స్కూటరు మీద వచ్చేవారు. పూజ మధ్యలో మెస్సులో తాళింపు వేసేవాళ్ళు, దగ్గుతూ స్తోత్రం పాడేవాళ్ళం. యూనివర్సిటీ వడ్రంగి పరశురాం, పాపం మన మతం కూడా కాదు, క్లాసు గదిలో విరిగిన బెంచీల టేకుతో అమ్మను చెక్కి ఇచ్చాడు. అమ్మ ముఖం అచ్చం ఆయన భార్య ముఖమే అని మీరంతా ఆటపట్టిస్తే, "ఇంకెవరి మొఖం చూసి చెక్కుత, నాకు తెలిసిన తల్లి ఆమెనే" అన్నాడు. నేను మఠానికి పోయే ముందు ఆ అమ్మ పాదాలే ముట్టుకుని పోయాను.

ఇప్పుడు నేను చెప్పేది కోపం లేకుండా చదువు. వదిన పోయి ఆరేళ్ళయింది. ఆ మూలలో అమ్మ ముందు వదిన రోజూ దీపం పెట్టే ఉంటుంది. ఆ స్వరూపం ఇల్లు దాటితే వదిన ఇంకోసారి పోయినట్టు అవుతుందని నీ మనసు భయపడుతున్నది. అందుకే ఆరోగ్యసామి మీద నెపం పెట్టి పట్టుకు కూర్చున్నావేమో. తప్పు కాదు. నేను రోజూ ఇట్లాంటి వాళ్ళను చూస్తాను. పోయిన మనిషి చీర మడత విప్పనివ్వరు. దుఃఖాన్ని మెల్లగా విడవాలి అన్నా. అమ్మను గుడిలో ఇచ్చెయ్యి. వదిన ఎక్కడికీ పోదు.

మోకాళ్ళకు నువ్వుల నూనె రాస్తున్నావా? కృపారాణికి ముద్దులు. నీ కోసం ఒక జపమాల ఎక్కువ చెబుతున్నాను.

చెల్లెలు
నిర్మల (నీకు పోశవ్వనే)


తార్నాక,
15 సెప్టెంబరు 2025.

పోశవ్వా,

నువ్వుల నూనె రాస్తున్నాను. మిగతా నీ ఉత్తరం నాకు నచ్చలేదు.

నా పెళ్ళాం పోయిందని నాకు తెలుసు. చీరలు ఆ నెలలోనే పంచాను, ఒకటి నీకూ ఇచ్చాను, తెల్ల చీరలు తప్ప కట్టనని నువ్వే వాపసు ఇచ్చావు. నాకు పిచ్చి పట్టలేదు. వదిలించుకోవడం వేరు, పంపడం వేరు. నీకు మన పద్ధతే మరిచిపోయిందా? అమ్మ కావాలన్న ఇంటివాళ్ళు వస్తారు. గడప అవతల నిలబడతారు. "అమ్మా, మా ఇంటికి రా తల్లీ" అని పిలుస్తారు. అప్పుడు మనం ఎత్తి ఇస్తాం. పిలవని ఇంటికి తీసుకుపోయి దించితే, మాకు బరువైంది మీరు పెట్టుకోండి అన్నట్టు కాదా? ఎవరైనా తల్లిని అట్లా పంపుతారా? మన నాయిన కాలం నుంచీ ఇంతే కదా.

ఇంకొకటి. నీ ఉత్తరం వచ్చిన మూడోనాడే ఫాదర్ ఇమ్మానుయేల్ ఇంటికి వచ్చాడు. చాయ తాగి, అమ్మ వైపు చూసి, "తాతా, దుఃఖాన్ని మెల్లగా విడవాలె" అన్నాడు. నీ మాటే. అక్షరం తేడా లేదు. కొండ మీద కూర్చుని తార్నాకలో ఫాదర్‌కు ఉత్తరాలు రాస్తున్నావన్నమాట. నా మీద చాడీ చెప్పడానికి నీకు మధ్యలో ఫాదర్ కావాలా?

పోనీ, ఆయన పండుగ కోసం గుడి చరిత్ర రాయిస్తున్నాడు, అసలు చరిత్ర నేను చెబుతాను విను. నువ్వు అప్పటికి ఆదిలాబాద్ మఠంలో ఉన్నావు, నీకు సగమే తెలుసు. షెడ్డు పైకప్పు కూలేట్టు అయ్యింది. అదే ఏడు లాలాగూడ వైపు పాత రైల్వే క్వార్టర్లు ఖాళీ చేయించారు, వాళ్ళు పూజ చేసుకునే వరండా పోయింది. మాకు షెడ్డు లేక, వాళ్ళకు వరండా లేక ఉంటే బిషప్పు మేత్రాణులు ఒక్క కాగితం రాసి ఇద్దరినీ కలిపి తార్నాకలో గుడి కట్టించారు. మేము వాళ్ళను అడగలేదు, వాళ్ళు మమ్మల్ని అడగలేదు. మొదటి పూజకు మేము తబలా తెచ్చాం, వాళ్ళు కీబోర్డు తెచ్చారు. రెండూ ఒకేసారి వాయించారు. ఆ పాట దేవుడికే అర్థం కావాలి. అప్పుడు ఎడమ దిక్కు మేము కూర్చున్నాం, కుడి దిక్కు వాళ్ళు కూర్చున్నారు. ఇప్పటికీ అట్లాగే. మధ్యలో నడిచే దారి రైలు పట్టా లెక్క ఉన్నది, పెళ్ళికూతురు తప్ప ఎవరూ దాటరు. అమ్మ ఇల్లిల్లూ తిరగడం కూడా ఆ ఏడుతోనే ఆగిపోయింది. కలిసినా అది కలిసినట్టు కాదు.

అందుకే ఒక నిర్ణయం చేశాం. పండుగ నాడు క్యాంపసు వాళ్ళమంతా అమ్మను తీసుకుని మల్కాజ్‌గిరి గుడికి పోతాం. ఇక మమ్మల్ని అక్కడే కలపండి అని మేత్రాణులకు కాగితం రాశాం. మొదటి సంతకం నాది. "తాతా, మీరు పోతే ఈ విచారణ నిలవది. సగం గుడి ఏం గుడి?" అని ఫాదర్ బతిమిలాడాడు. ఆరోగ్యసామి ఒక్కసారి వచ్చి పిలవమనండి, కాగితం చింపేస్తాను అన్నాను. ఫాదర్ ఆయన దగ్గరికి పోయి వచ్చాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? "నేనెందుకు పోత? ఇన్నేండ్లు ఆపినోడు వాడు" అన్నాడట. విన్నావా? నేను ఆపినవాణ్ణట!

పండుగకు ఇంకా నెల పైన ఉన్నది. ఆయన రాడు. మేము పోతాం.

బిక్షపతి

(కృపారాణి నీకు దండాలు చెప్పమన్నది. అది ఫాదర్ తరఫున చరిత్ర రాస్తున్నది. ఇంట్లోనే శత్రువు.)


మలైక్కాడు కొండ,
6 అక్టోబరు 2025.

అన్నా,

ముందు ఒకటి తేల్చుకుందాం. మీ ఫాదర్ మొహం నాకు తెలియదు. ఆయనకు నేను ఒక్క ముక్క రాయలేదు. దుఃఖాన్ని మెల్లగా విడవాలని గురువులందరూ అంటారు, వాళ్ళకు సెమినరీలో నేర్పుతారు. నేను అదే మాట అన్నానంటే నేనూ ముసలిదాన్నై ప్రసంగాలు చెప్పడం మొదలుపెట్టానని అర్థం. వదిన గురించి అట్లా రాయకుండా ఉండాల్సింది. నువ్వు చీరలు పంచిన సంగతి నాకే గుర్తుండాలి.

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ జపమాల నెల మొదలైంది కదా, అదొక గొడవ. నాలుగు రోజులుగా నా పరువు పోయి కూర్చున్నది. నీకు కాస్త నవ్వు వస్తుందని రాస్తున్నాను. ఈ ఊళ్ళో కూడా అమ్మ స్వరూపం ఇల్లిల్లూ తిరుగుతుంది. మొదటి ఇల్లు పెద్దకొట్టు వాళ్ళది, రెండోది మా ఆశ్రమం. నేను కొత్త కదా, హుషారుగా పూలు కోయించి, ఇద్దరు ముసలమ్మలను వెంటబెట్టుకుని మన పద్ధతిలో ఆ ఇంటికి పోయి, గడప దగ్గర నిలబడి, వచ్చిన అరవంలో అమ్మను పిలిచాను. ఇంటి పెద్దమ్మ బయటికి వచ్చి ముఖం ఎర్రగా చేసుకుని, "ఏం సిస్టర్, మా ఇంట్లో అమ్మ ఒక్క రాత్రి ఉంటే మీకు ఓర్వలేకపోయిందా? వచ్చి లాక్కుపోతారా?" అన్నది. మా వంటామె నన్ను చెయ్యి పట్టి ఇవతలికి లాగింది. ఇక్కడ ఎవరూ పోయి అడగరట. అడగడమంటే, మీ ఇంట్లో ఉన్నది చాలు ఇక వదలండి అని తరమడమట. ఉన్న ఇంటివాళ్ళే మనసు నిండినాక మేళంతో తెచ్చి దించుతారట. పుచ్చుకునేవాళ్ళు ఇల్లు కడిగి, దీపం పెట్టి, కదలకుండా కూర్చోవాలట. నేను వాళ్ళకు క్షమాపణ చెప్పుకుని వచ్చి, ఇల్లు కడిగించి కూర్చున్నాను. సాయంత్రం పెద్దమ్మే అమ్మను ఎత్తుకుని వచ్చి, నా నెత్తి మీద మొట్టి, లోపల దించింది. అరవై ఏళ్ళు దాటాక మొట్టికాయ తినడం నాకే చెల్లింది.

మల్కాజ్‌గిరి పోకు అన్నా. గుడిని సగం చేయకు. నా మాట వినవని తెలుసు. అయినా రాస్తున్నాను.

దగ్గు తగ్గింది. నీ ఆరోగ్యం చూసుకో.

చెల్లెలు


తార్నాక,
13 అక్టోబరు 2025.

పోశవ్వా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. మొట్టికాయ దగ్గర నవ్వాను. మడిచి జపాల పుస్తకంలో పెట్టాను. అన్నం తిన్నాను. పండుకున్నాను. కళ్ళు మూసుకుంటే నీ పెద్దమ్మ కనపడింది. లేచి కూర్చున్నాను.

ఆ ముక్క మళ్ళీ చదివాను. నా చదువు నీకు తెలుసు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదవాలి. తప్పుగా చదివానేమో అని కృపారాణిని గట్టిగా చదవమన్నాను. అది చదివింది. చదివి, నా ముఖం చూసి, "తాతా, ఆరోగ్యసామి తాత వాళ్ళు యే ఊరి నుంచి వచ్చిండ్రు?" అన్నది. అరవదేశమే కదా. ఆయన నాయిన రైల్వేలో పని దొరికి ఆ వైపు నుంచే వచ్చాడు.

అంటే ఆయన కూర్చున్నాడా? పోశవ్వా, నేను తలుపు తెరుచుకుని కూర్చున్నట్టు ఆయన అక్కడ ఇల్లు కడిగి కూర్చున్నాడా? "ఆపినోడు వాడు" అన్నది దీనికా? నేను పిలిస్తే పంపుతానని కూర్చుంటే, ఆయన పంపితే పుచ్చుకుంటానని కూర్చున్నాడా?

నాకు కోపం వస్తున్నది, ఎవరి మీదనో తెలియడం లేదు. ఇన్నేళ్ళు ఇంత మందిమి, ఒక్కరం కూడా మీ పద్ధతి ఏంది అని అడగలేదు. ఎందుకు అడుగుతాం? పద్ధతి అంటే మాదే అనుకున్నాం.

నిజమో కాదో తెలుసుకోవాలి. కృపారాణి నేను అడుగుతానన్నది. వద్దన్నాను. ఇది పిల్లలతో అయ్యే పని కాదు. అమ్మను నేనే ఎత్తుకుని ఆయన ఇంటికి పోతాను. వాళ్ళ పద్ధతిలోనే దించుతాను. నిజమైతే పుచ్చుకుంటాడు. కాకపోతే తలుపు మొహాన వేస్తాడు. అప్పుడు మల్కాజ్‌గిరి దారి ఎటూ ఉన్నది. కానీ పోశవ్వా, వేస్తాడేమో. అరవై మంది సంతకం పెట్టిన కాగితం నా పెట్టెలో ఉన్నది, అందరూ నా ముఖం చూసి పెట్టారు. నేను ఆయన గడప ఎక్కి తలుపు వేయించుకుని వస్తే వాళ్ళకు ఏం చెప్పాలి?

ఆదివారం సాయంత్రం పోతాను. జపం చెయ్యి.

అన్న


కొండ నుంచి కార్డు. 17 అక్టోబరు.

అన్నా, చదివి కుర్చీలోంచి లేచాను. నేనే రాసి నేనే చూసుకోలేదు! పో. తలుపు వేస్తే వెయ్యనీ. వెంటనే రాయి, గోళ్ళు కొరుక్కుంటున్నాను. — పోశి


తార్నాక,
19 అక్టోబరు 2025, ఆదివారం.

పోశవ్వా,

ఈ ఉత్తరం ఆరోగ్యసామి ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు మొహాన వేస్తే వేడి మీదనే నీకు రాసి డబ్బాలో వేద్దామని కాగితం జేబులో పెట్టుకుని వచ్చాను. మంచి పనే చేశాను.

తాళం! తాళం వేసి పోయాడు! అమ్మను కొత్త తువ్వాలులో చుట్టి, మెట్రో స్టేషను కింది నుంచి, ఇంత ట్రాఫిక్కులో, ఈ మోకాళ్ళతో ఎత్తుకు వచ్చాను. టేకు బరువు నీకేం తెలుసు. వచ్చి చూస్తే తాళం. పక్కింటామె, "గంట కింద అందరు కొత్త బట్టలేసుకొని, పూలు పట్టుకొని గల్లీల నుంచి పోయిండ్రు" అన్నది. ఏ పెళ్ళికో. నేను వస్తున్నానని ఎవరో చెప్పి ఉంటారు. అందుకే కావాలని పోయాడు. ఇక అయిపోయింది. నీ పెద్దమ్మా వద్దు, నీ కొండా వద్దు. రేపే కాగితం మేత్రాణులకు

అదే రోజు, ఇంట్లో.

పైన రాసింది చదవకు. కొట్టేద్దామనుకున్నాను, కాగితం దండగని ఉంచాను.

అక్కడ లేచి, అమ్మను ఎత్తుకుని తిరిగి వస్తున్నాను. తార్నాక చౌరస్తా దాటి మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా పట్టుచీరలు, పూలదండలు, మధ్యలో మీసాలు. ఆరోగ్యసామి. ముందు కృపారాణి. అది నవ్వుతూనే ఉన్నది.

నేను అరిచాను. "ఏందయ్యా, ఇంటికి తాళమేసుకొని యాడ తిరుగుతున్నవ్?"

"నీ ఇంటి ముందట్నే!" అని ఆయనా అరిచాడు. "అరగంట సేపు గడప కాడ నిలబడ్డ. అమ్మా రా తల్లీ, అమ్మా రా తల్లీ అని పిలిచిన. నీ గోడన్న పలకలే. చుట్టు పక్కలోళ్ళందరు బయటికొచ్చి చూసిండ్రు, ఈ ముసలోడు ఖాళీ ఇంట్ల ఎవర్ని పిలుస్తుండు అని!"

"నువ్వు పిలిచినవా?"

"పిలిచిన. మీ దాంట్ల పిలవాలెనట కదా. నీ మనవరాలు నిన్న వచ్చి చెప్పింది. ఇరవై ఏండ్ల కింద ఆ ఒక్క ముక్క చెప్తే నీ నోరు అరుగుతుండెనా?"

"నువ్వు అడిగినవా?"

"నేనెందుకు అడుగుత? తెస్తవని కూసున్న! ఇంటికి సున్నం ఏపిచ్చిన. మా ఆమె చక్కెర పొంగలి వండి పెట్టింది. ఎంత సేపైనా తెస్తలేవ్. క్వార్టరోళ్ళ ఇల్లు నీకు ఆనలేదనుకున్న."

"ఆనలేదనుకున్నవా? మా ఇంట్ల పాయసం పాడైంది!"

ఆయన భార్య సెల్వి ముందుకు వచ్చింది. బక్కగా అయిపోయింది, నేను సరిగా చూసి ఎన్నేళ్ళయిందో. "మా పొంగలి కూడా పాడైంది అన్నా" అన్నది. "రాములవ్వ అక్క కోపంగా ఉన్నదనుకొని నేను మట్టికి కూడా భయపడుకుంట వచ్చిన. గేటు కాడ్నే నిలబడి పోయిన."

ఆమె వచ్చిందని నాకు తెలియదు. రాములవ్వ ఏనాడూ కోపంగా లేదు. ఏటా అక్టోబరు మొదటి సాయంత్రం తలుపు తెరిచి పెట్టి, "వస్తరు తియ్యి" అనేది. ఆ మాట నేను సెల్వికి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. గుండె మీద నుంచి ఎవరో లేచిపోయినట్టు అయ్యింది. రాములవ్వను ఎవరూ చిన్నచూపు చూడలేదు పోశవ్వా. ఎవరూ చూడలేదు. ఆమె ఎవరి కోసం ఎదురు చూసిందో వాళ్ళు కూడా అక్కడ కూర్చుని ఎదురు చూశారు.

ఇక అమ్మను ఎట్లా ఇవ్వాలి? ఆయన పిలవడానికి వచ్చాడు, నేను దించడానికి పోయాను. ఇప్పుడు ఇద్దరం నడి రోడ్డు మీద ఉన్నాం. "మా ఇంటికి పోదాం పా, ఆడ దించు" అన్నాడు ఆయన. "కాదు, మా ఇంటికి పోదాం, ఆడ పిలువు" అన్నాను నేను. మళ్ళీ గొడవ అయ్యేట్టు ఉన్నది. ఇంతలో బజ్జీల బండాయన స్టవ్ తగ్గించి, చెప్పులు విడిచి చేతులు జోడించి, "తాతా, అమ్మ బరువున్నట్టున్నది, ఎవరో ఒకరు జల్ది తీసుకోండ్రి, బేరం ఆగింది" అన్నాడు.

ఆరోగ్యసామి రెండు చేతులు చాపాడు. "అమ్మా, మా ఇంటికి రా తల్లీ" అన్నాడు. తెలుగు సరిగ్గా పలకదు ఆయనకు. నేను ఇచ్చాను. హారన్లు కొడుతున్నారు. ఇచ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో మూల ఖాళీగా ఉన్నది. గోడ మీద అమ్మ నిలబడ్డ చోట సున్నం తెల్లగా ఉన్నది, చుట్టూ దీపం పొగ. చూస్తే బాధ అవుతుందనుకున్నాను. కాలేదు. హాయిగా నిద్ర వస్తున్నది.

అన్న బిక్షపతి


తార్నాక,
28 అక్టోబరు 2025.

చెల్లె పోశవ్వకు,

నీ మఠంలో అందరికీ నా దండాలు. నీ పెద్దకొట్టు పెద్దమ్మకు ప్రత్యేకంగా చెప్పు. ఆమె మొట్టిన మొట్టికాయ తార్నాక దాకా పనిచేసింది.

పండుగ అయ్యింది. మల్కాజ్‌గిరి కాగితం చింపేశాను. సంతకం పెట్టినవాళ్ళలో నలుగురు గొణిగారు. బిక్షపతి ముసలోడు మెత్తబడ్డాడన్నారు. అనుకోనీ. ఎవరైనా మరీ ఎక్కువ మాట్లాడితే ఆరోగ్యసామిని పిలిపిస్తానన్నాను, వాళ్ళు ఆయన మీసాలకు ఇంకా భయపడతారు. పూజలో తబలా, కీబోర్డు రెండూ వాయించారు. ఈసారి ముందు కూర్చుని నేర్చుకున్నారు. అయినా ఒక చోట తప్పింది.

గుడిలో అమ్మను పెట్టలేదు. ఫాదరే వద్దన్నాడు, ఇల్లిల్లూ తిరగనీ అన్నాడు. అయితే ఎవరి పద్ధతిలో అని అందరూ గుడి ముందే మొదలుపెట్టారు. పిలవాలని మావాళ్ళు, దించాలని వాళ్ళు. ఆరోగ్యసామి లేచి, "మాకు రోడ్డు మీద అయ్యింది, మంచిగనే అయ్యింది, అట్లనే కానీయ్యి" అన్నాడు. అదే ఖాయమైంది. సాయంత్రం ఆరింటికి అమ్మ ఉన్న ఇంటివాళ్ళు అమ్మను ఎత్తుకుని బయలుదేరతారు. అమ్మ కావాల్సిన ఇంటివాళ్ళు పిలవడానికి బయలుదేరతారు. దారిలో ఎక్కడ ఎదురుపడితే అక్కడ చేతులు మారాలి. ఎక్కడ ఎదురుపడాలో ముందుగా కుదుర్చుకోకూడదు. ఫాదర్ నవ్వి సరే అన్నాడు.

కృపారాణి చరిత్ర రాసి చూపించింది. షెడ్డు ఉన్నది, వరండా ఉన్నది, పరశురాం ఉన్నాడు, మేత్రాణుల కాగితం ఉన్నది. బజ్జీల బండి లేదు. ఏందే అంటే, "తాతా, ఫాదర్ కొట్టేసిండు, గుడి చరిత్రల బజ్జీలు ఎట్ల రాస్తం" అన్నది. నేను ఫాదర్ దగ్గరికి పోయాను. "ఫాదర్, బండి లేకపోతే నేను అమ్మను మళ్ళా ఇంటికి తీసుకపోత" అన్నాను. ఇప్పుడు బండి ఉన్నది. బండాయన పేరు కూడా రాయించాను. యాదగిరి.

క్వార్టర్ల వాళ్ళు, క్యాంపసు వాళ్ళు ఒక్కొక్కరు మారి మారి వచ్చేట్టు ఇళ్ళ వరుస వేశారు. ఎప్పుడో నల్లకుంటకు మారిపోయిన మన క్యాంపసు తోటమాలి వాళ్ళింటి వైపు నిన్న పోయాం. ఫ్లైఓవర్ కింద ఎదురుపడ్డారు. ఆటోలు ఆగిపోయాయి. ఒక ఆటోవాడు తిట్టబోయి, అమ్మను చూసి, బీడీ పారేశాడు. జనమంతా ఎడమా కుడీ లేకుండా రోడ్డు మీదకు వస్తున్నారు. ఎక్కడ కలుస్తారో చూడటానికని పిల్లలు ముందే ఉరుకుతున్నారు.

అక్టోబరు అయిపోవడానికి వచ్చింది, ఇళ్ళు ఇప్పుడే మొదలయ్యాయి. నెల దాటినా ఆపొద్దు అన్నారు అందరూ. ఇరవై ఏళ్ళ వంతులు బాకీ ఉన్నాయి కదా.

ఈ రోజు ఎదురుపాటు బస్‌స్టాపు దగ్గరే అవుతుందని నేనంటున్నాను. పెట్రోల్ బంకు దగ్గర అంటున్నాడు ఆరోగ్యసామి. ఓడినవాడు చాయ ఇప్పించాలి. నిన్న నేనే ఇప్పించాను, పోనీ. ఆరు కావస్తున్నది. వాడు వచ్చి గడప అవతల నిలబడి, "బిక్షపతన్నా, రా" అని పిలుస్తున్నాడు. పిలిస్తే పోవాలి కదా. ఇక ఆపుతున్నాను.

అన్న